పేరు పెట్టకుండా కాపాడిన పేర్లు

ఇంట్లో ఆడపిల్ల పుట్టిందా? కళ్లు మూసుకుని ఎవరూ విననైనా వినని బ్రిటిష్ పేరొకటి వెతకండి! నవ్వకండి. ఐరిష్ ఊరు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉండే బుచ్చిబాబుని చూసే చెబుతున్నాను.

బుచ్చిబాబుకి లాక్‌డౌన్ మధ్యలో, రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో, కూతురు పుట్టింది. వాళ్లింట్లో పాపని ఉయ్యాల్లో వేసి చెవిలో మొదట పేరు చెప్పేది మేనత్తే. ఆ మేనత్త, అంటే బుచ్చిబాబు అక్క నీలిమ, లిమరిక్‌లో ఇంజనీరు. మధ్యన రెండు వందల కిలోమీటర్లు. గవర్నమెంటు తిరగనిచ్చింది ఐదు! దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడుగుతారు. మేనకోడలికి పేరు పెట్టడానికంటే ఏ గార్డు వింటాడు?

"నేనొచ్చేదాకా ఆగరా," అంది నీలిమ ఫోన్లో. అమ్మ పోయాక బుచ్చిబాబుకి అన్నీ ఆవిడే. ఆ గొంతు వినేసరికి అతని ప్రాణం ఉసూరుమంది.

కాకినాడ పెదనాన్న గంగాధరరావుగారు ఆగితేగా? "ఇరవై ఒకటో రోజు దాటడానికి వీల్లేదు. జూమ్‌లో అందరం ఉంటాం, రాజేశ్వరి పిన్ని పేరు చెప్పేస్తుంది," అన్నారు.

పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం బుచ్చిబాబుకి చేతకాదు. ఆఫీసులో ఎంత పని నెత్తిన పడేసినా అక్కడి వాళ్లలాగే "గ్రాండ్", అంటే భేషుగ్గా ఉందండీ, అనే మనిషి. సరేనన్నాడు. పేరు మాత్రం బ్రిటిష్‌దే పెడతానన్నాడు.

ముహూర్తానికి నలభై మంది స్క్రీన్ మీదికొచ్చారు. "కోర్ట్నీ," అన్నాడు. అర్థమేమిటన్నారు పెదనాన్న. పొట్టి ముక్కంటారండీ అన్నాడు. మన వంశం ముక్కుని పొట్టి అంటావా అని మొదలుపెట్టి ఆయన గంటన్నర వాయించారు. ముహూర్తం కాస్తా దాటిపోయింది.

రెండు వారాలకి ఇంకో ముహూర్తం, ఇంకో పేరు. మాలరీ, అంటే దురదృష్టం. పిన్ని బీపీ మాత్ర వేసుకుంది. తర్వాత సిసిలీ, అంటే గుడ్డిది. ఆ తర్వాత పోర్షియా. అది పందుల మీంచి వచ్చిందట! బ్రిటిష్ వాళ్ల దేశంలో పొట్టి ముక్కులూ దురదృష్టాలూ డిగ్రీలు చదువుకుని నిక్షేపంగా బతుకుతుంటే, అర్థాల గొడవ మనకెందుకండీ?

చివరికి బుచ్చిబాబు భార్య కిరణ్మయికి ఒళ్లు మండింది. పచ్చి బాలింతరాలు, నిద్ర లేదు. "ఇన్ని పేర్లలో మంచి అర్థమున్నది ఒక్కటీ దొరకలేదా మీకు?" అంది.

బుచ్చిబాబు లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. క్లెమెంటైన్, దయగలది. ఒట్టిలీ, సిరిసంపద. ఫెలిసిటీ, సంతోషం. అన్నీ వరసగా గీత పెట్టి కొట్టేసి ఉన్నాయి.

"ఇవి చెబితే పెదనాన్న ఒప్పేసుకుంటారు," అన్నాడు నెమ్మదిగా. "అక్క రావద్దూ?"

కిరణ్మయి లాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుంది. పందుల తర్వాత ఏం చెబుదామని తనే వెతకడానికి కూర్చుంది.

మే పదిన దారులు తెరిచారు. పదింటికల్లా నీలిమ కారు ఇంటి ముందుంది. ఇంట్లోకి రావడానికి ఇంకా రూలు ఒప్పుకోదు, అందుకని పెరట్లోనే ఉయ్యాల కట్టారు. మాస్కు పెట్టుకుని, పాపని ఉయ్యాల్లో వేసి, వంగి చెవిలో మూడుసార్లు చెప్పింది. బుచ్చిబాబు ఏడ్చాడు, దాచుకోలేదు.

"వినపడలేదమ్మా," అన్నారు జూమ్‌లోంచి పెదనాన్న.

"ఇందుమతి," అంది నీలిమ.

పోయిన వాళ్లమ్మ పేరది. నలభై మందిలో ఒక్కరూ అర్థం అడగలేదు.