మత్తయి రాసిన అమ్మ

ఏలూరు రచయితల సంఘం తన మాసపత్రిక ఎడిటర్ రహీమా గారిని పదవి నుంచి తప్పించినట్లు సంతోషంగా ప్రకటించింది. ఆవిడ చేసిన నేరం సామాన్యమైనది కాదు. వచ్చిన కథలన్నీ చదివేవారు.

ఈ దురలవాటుకు బాగా బలైనవాడు మత్తయి. కైకలూరులో చేపల మేత కొట్టు నడుపుతూ, రొయ్యల షెడ్డులో పనిచేసి తనను పెంచిన తల్లి మణెమ్మ మీద తొలి కథ రాశాడు. అచ్చయ్యాక అమ్మకు చదివి వినిపించాలని అతని ఆశ. శాలువా కప్పి పంపేస్తే పోయేదానికి, రహీమా గారు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కథంతా అతని ఎదుటే మళ్లీ చదివారు.

“మీ అమ్మగారు మొదటి లైను నుంచీ ఏడుస్తూనే ఉన్నారండీ. ఇంట్లో కూడా అంతేనా?”

మత్తయికి నవ్వాగలేదు. అమ్మ ఏడవడమా! ఆవిడ గొంతు వింటే ఐసు లారీ డ్రైవర్లు హారన్ మానేస్తారని, పాస్టరుగారి ప్రసంగం సాగితే వీధిలోకి వినపడేలా దగ్గుతుందని గంటసేపు చెప్పాడు.

“మరి ఈవిడ గురించి రాయండి. ఎన్నిసార్లు రాసినా చదవడానికి నేనున్నాను” అన్నారు రహీమా గారు.

రాయడం మొదలెట్టాడు. కష్టంగానూ ఉంది, హాయిగానూ ఉంది. ఇంతలోనే సంఘం అత్యవసరంగా సమావేశమై, తిరగరాయమనడం రచయిత ఆత్మగౌరవానికి భంగమని, చదవడం వల్ల సన్మానాలు ఆలస్యమవుతున్నాయని తీర్మానించింది. కొత్త ఎడిటర్ నిత్యానందం గారికి ఆ బలహీనత లేదు. ఆయన వచ్చిన వారానికే తాడేపల్లిగూడెం దాకా అందరూ మహా రచయితలైపోయారు.

మత్తయికీ ఆయన ఫోనొచ్చింది.

“మీ కథకు కన్నీళ్లు ఆపుకోలేకపోయానండీ. ఆదివారం సభ. ఆ కథేదో పంపేయండి మరి.”

కొత్తది సగంలో ఉంది. పాతది సిద్ధంగా ఉంది. రహీమా గారు గుర్తొచ్చి సిగ్గేసింది, శాలువా గుర్తొచ్చి ఆ సిగ్గు పోయింది. పాతదే పంపాడు.

సభ దివ్యంగా జరిగింది. ఇంటికొచ్చి, శాలువా తీయకుండానే అమ్మకు కథ చదివాడు. మణెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

“బాగుందిరా. ఎవరావిడ, పాపం?”

మత్తయి నిత్యానందం గారికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆయన కంగారేమీ పడలేదు. తల్లులు అలాగే అడుగుతారని, పాఠకుల నుంచి మాత్రం ఇంతవరకూ ఇటువంటి ఫిర్యాదు ఒక్కటీ రాలేదని భరోసా ఇచ్చారు.