చాటుగదిలో గాలి

నాగరికత అంటే ఏమిటో మా పురపాలక సంఘం పోయిన ఆకురాలు కాలంలో ఖరారు చేసింది. ఒకే చెరువును అందరూ ఒకరినొకరు తిట్టుకోకుండా వాడుకోవడమే నాగరికత. ఆ నాగరికతను అమలు చేయడానికి ఉమ్మడి తీర వినియోగ ఉపసంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు దేశిమిర్ గ్రుబాచ్. (ఆయనకు ఈత రాదు. అందువల్ల నిష్పక్షపాతి అని ఎంపిక చేశారు.)

ఉపసంఘం తీరాన్ని పంచింది. విల్లో చెట్ల కింద గాలాలవాళ్ళకు. రాతి గట్టు మీద, ఐవార్ పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాల్చుకునే ఆడవాళ్ళకు. పొగ దక్షిణానికి పోరాదన్నారు. కుక్కలతో నడిచేవాళ్ళకు నడక బాట. ఉత్తరం నుంచి వచ్చే పెద్దబాతులకు రెల్లు ఒడ్డు. సమావేశానికి బాతులను పిలవలేదు, నోటీసు ఎవరి పేర రాయాలో తేలక. అందుకే అవి పగలంతా మా ఆయన గాలం చుట్టూనే తిరిగేవి. సాయంత్రం నిద్రకు మాత్రం రెల్లు ఒడ్డుకే చేరేవి.

చిక్కల్లా ఆ రెల్లు ఒడ్డు దగ్గరే వచ్చింది. రెల్లు కోయించి అక్కడ భోజనశాల కడతానని ఒకాయన దరఖాస్తు పెట్టాడు. కుదరదని ఎదురు దరఖాస్తు పెట్టింది బోసిల్కా టీచరమ్మ. ఊళ్ళో సగం మందికి జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పెద్దలు ఇద్దరికీ న్యాయం చేశారు. పక్షులను దాగి చూడటానికి రెల్లులో కట్టే చాటుగదిలో ప్రభుత్వ పర్యవేక్షకుడు కూర్చుంటాడు. ఒక సాయంత్రం బాతులు దిగడం స్వయంగా, కళ్ళారా చూస్తే రెల్లు ఉంటుంది. చూడకపోతే భోజనశాల.

చాటుగది నమూనా ఏదో చలి దేశం నుంచి వచ్చింది. కళ్ళ ఎత్తున పొడుగాటి కంత, దానికి సరిగ్గా ఎదురుగా తలుపు. అది చూసి మా వడ్రంగులు శిలువ గుర్తు వేసుకున్నారు. గదిలో ఎదురెదురుగా రెండు ద్వారాలు తెరిచి ఉంటే మధ్యన దూసుకుపోయేదాన్ని మేం ప్రొమాయ అంటాం. మెడ పట్టేయడం, పంటి పోటు, నడుం నొప్పి, మా మామగారి ఆఖరి జబ్బు, అన్నీ దానివల్లే వచ్చాయి. మిగతా దేశాల్లో దాన్ని గాలి అంటారట.

ఉపసంఘం సవరణలు తెచ్చింది. కంతకు గాజు తలుపు. గాజు అంచుల్లోంచి కూడా వస్తుందని దానికి తెర. తలుపు కింద చుట్టిన గొంగళి. మధ్యన కట్టెల పొయ్యి, దాని మీద కాఫీ. (నేల చల్లగా ఉంటుంది కనుక గుమ్మంలో చెప్పులు విడిచి ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. అతిథుల కోసం వేరే జతలున్నాయి.) గది అంత హాయిగా తయారయ్యాక అందులోంచి చెరువు కనపడటం మానేసింది. టీచరమ్మ రోజూ వచ్చి గాజు తెరిచేది. ఆమె వెళ్ళగానే ఎవరో ఒక పుణ్యాత్ముడు మూసేవాడు.

పర్యవేక్షకుడు రాస్త్కో పెయిన్ గారు వచ్చిన రోజున టీచరమ్మ గాజు తలుపును మరలతో సహా ఊడదీసి గోడకు ఆనించి, కంత పక్కనే కాపలా నిలబడింది. పెయిన్ గారు దారి తప్పి చెరువంతా చుట్టి వచ్చారట. టోపీ తీస్తే బట్టతల మీంచి ఆవిరి లేచింది. ఇంటి చెప్పులు తొడుక్కుని కంత ముందు కూర్చున్నారు. వెనక తలుపు సరిగా పడక ఊగుతోంది.

"టీచరమ్మా, ఆ కంత మూసెయ్యండి. పెద్దమనిషిని చంపేస్తారా ఏంటి?" అన్నాడు గ్రుబాచ్.

"గాలికి ఎవరూ చావరు దేశిమిర్. ఏడో తరగతిలో చెప్పాను. అప్పుడూ నువ్వు వినలేదు."

పొలాల మీదుగా బాతుల అరుపులు వినపడ్డాయి. గట్టు మీద మేం మిరపకాయలు మంట మీంచి దించేశాం. మా ఆయన గాలం పైకి తీశాడు. కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి. చెరువును అందరం కలిసి వాడుకున్నది ఆ ఒక్క నిమిషమే.

అప్పుడు పెయిన్ గారు తుమ్మారు.

టీచరమ్మ ఆయన వంక చూసింది. "చెమటతో వచ్చావా నాయనా?"

"నడిచొచ్చానండీ."

"లోపల బనీను వేసుకున్నావా?"

"లేదండీ."

టీచరమ్మ గాజు తలుపు ఎత్తి కంతకు ఆనించి, తన వీపుతో అదిమి పట్టుకుంది. తన ఉన్ని శాలువా తీసి ఆయన తలకు చుట్టింది.

ఆకాశం ఒక్కసారిగా నిండిపోయింది. బాతులు తిరుగుతూ, జారుతూ, రెక్కలు చాచి చాటుగది గోడ పక్కనే నీళ్ళ మీద దిగాయి. గట్టు మీద ఉన్న మేమందరం చూశాం. (మా చూపుకు అధికారిక హోదా లేదు.) లోపల పెయిన్ గారు ఆ చప్పుడేమిటని అడిగారట. బాతులేననుకుంటా, చెమట ఆరేదాకా తల బయట పెట్టకండి, కాస్త వేడి రకియా సారా తాగండి అన్నాడట గ్రుబాచ్. ఆయన తల ఆరేసరికి చీకటి పడింది.

నివేదికలో చాటుగదిని మెచ్చుకున్నారు. పక్షులు కళ్ళపడలేదని రాశారు.

రెల్లు కోసే యంత్రం వచ్చిన పొద్దున మా ఆయన ఉండబట్టలేక అడిగాడు: "ఎందుకు మూశావు టీచరమ్మా? ఒక్క నిమిషం ఆగితే సరిపోయేదిగా."

"బనీను లేదు కదరా," అంది.

మా ఆయన తన చొక్కా కింద బనీను ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. కాసేపటికి గ్రుబాచ్ వచ్చి, పెయిన్ గారికి జలుబు చేయలేదని కబురు చెప్పాడు. టీచరమ్మతో సహా అందరం ఊపిరి పీల్చుకున్నాం.