ఎడమ పెట్టెలో మేనత్త, కుడి పెట్టెలో మామగారు

మోటారు సైకిలుకు పక్కపెట్టెలు బిగించుకున్నవాళ్లు ఎడమ పెట్టెలో తమ వైపు బంధువును ఒకరిని, కుడి పెట్టెలో అత్తవారి వైపు బంధువును ఒకరిని కూర్చోబెట్టుకునే దూరప్రయాణం చెయ్యాలన్న నిబంధన వచ్చి పదకొండేళ్లయింది కాబట్టి, గంధం పూర్ణచంద్రరావు ధనుష్కోటి వెళదామనుకోగానే మొట్టమొదట మేనత్త వర్ధనమ్మకు, ఆ తరువాత మామగారు శేషావతారంగారికి ఫోన్లు చేశాడు. ఇద్దరూ "మాకెందుకు బాబూ ఈ వయసులో" అన్నారు. ఇద్దరూ మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుని విజయవాడ వచ్చేశారు.

నిబంధన లేని రోజుల్లో జనం ఒంటరిగా బండెక్కి ఎక్కడెక్కడికో పోయి వచ్చేవారు. వచ్చాక నెలరోజులపాటు ఎవరేమన్నా నవ్వుతూ ఉండేవారట. దానివల్ల ఆఫీసుల్లో క్రమశిక్షణా ఇళ్లల్లో భయభక్తులూ పాడవుతున్నాయని గమనించిన ప్రభుత్వం సామాను సమతూక శాఖను నెలకొల్పింది. అప్పట్నుంచి ప్రయాణం వెళ్లినవాడెవడూ నవ్వుతూ తిరిగి రాలేదని ఆ శాఖ ఏటా తన నివేదికలో గర్వంగా రాసుకుంటుంది.

పూర్ణచంద్రరావు ఒక సిమెంటు గొట్టాల కంపెనీలో డిస్పాచి గుమాస్తా. పందొమ్మిదేళ్లుగా గొట్టాలను ఊళ్లకు పంపిస్తున్నాడు గానీ ఆ ఊళ్లలో ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. ధనుష్కోటిలో భూమి సన్నబడి సన్నబడి, రోడ్డు ఠక్కున ఆగిపోయి, మూడు పక్కలా సముద్రమే ఉంటుందని ఎవరో చెప్పారు. అక్కడిదాకా తనే బండి నడుపుకుంటూ వెళ్లి, రోడ్డు అయిపోయిన చోట ఇంజను ఆపి, కాసేపు ఊరికే నిలబడాలన్నది అతని కోరిక. మూడేళ్లు బతిమాలితే ఆరురోజుల సెలవు దొరికింది. ఇది తప్పిపోతే మళ్లీ ఎప్పుడో దేవుడికే తెలియాలి.

పెట్టెలు బిగించే పని ఆటోనగర్‌లో మస్తాన్‌వలీది. అతను ముందు టేపు తీసి బంధువులను లీటర్లలో కొలిచాడు.

"అమ్మగారు నలభై రెండు లీటర్లు. పెద్దాయన నలభై మూడున్నర. పెట్టె నలభై అయిదు. పడతారు సార్, పచ్చడి సీసాలు మాత్రం ఒళ్లో పెట్టుకోవాలి" అన్నాడు.

అల్యూమినియం పెట్టెలు గట్టివి. మఠం వేసుకుని కూర్చుంటే పెట్టె అంచు చంకల దాకా వస్తుంది, తలా భుజాలూ బయటికి ఉంటాయి. కూర్చోవడంలో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇబ్బందంతా సైలెన్సరు దగ్గర వచ్చింది. దాని గొట్టం కుడివైపు ఉంటుంది కాబట్టి కుడి పెట్టెను రెండంగుళాలు బయటికి జరిపి బిగించాలి. ఎక్కడైనా అంతే. వర్ధనమ్మ మెడ సాచి అవతలి పెట్టెకేసి చూసింది.

"ఒరేయ్ పూర్ణా, నీకు మామగారంటే నాకంటే రెండంగుళాలు ఎక్కువని నాకు ఇన్నాళ్లూ తెలీదురా. పోన్లే, చెప్పకుండా చెప్పావు" అని మొహం గోడవైపు తిప్పుకుంది.

వెంటనే బండి ఎడమకు ఒరిగింది. అలిగిన మనిషి బరువు పెరుగుతుందన్నది ఆటోనగర్‌లో స్పానరు పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. మామూలు అలకకు కిలోన్నర. విస్తరి ముందు పుట్టిన అలకకు నాలుగు. పెళ్లిలో పుట్టింది జన్మలో దిగదు గనక దాన్ని మనిషి సొంత బరువులోనే కలిపేస్తారు. మస్తాన్‌వలీ తూకం పెట్టి చూసి, "మూడు కిలోల మూడొందలు" అని సుద్దముక్కతో పెట్టె మీద రాశాడు.

ఎడమ క్లాంపులు విప్పి, కింద రబ్బరు వాషర్లు పేర్చి, ఆ పెట్టెను కూడా రెండంగుళాలు బయటికి తెచ్చాడు. వర్ధనమ్మ తేలికపడింది. కానీ ఉన్న ఆధిక్యం పోయేసరికి శేషావతారంగారు, "పర్లేదులెండి అల్లుడుగారూ, ఆడపిల్లనిచ్చినవాళ్లం, మేం ఎక్కడుంటే ఏం" అన్నారు. బండి కుడికి ఒరిగింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మస్తాన్‌వలీ కుడి పెట్టెను అరంగుళం పైకెత్తాడు. ఎత్తు తక్కువైందని ఎడమవైపు నుంచి నిట్టూర్పు వినబడింది. ఇలా బోల్టులు బిగించడంలోనూ విప్పడంలోనూ సెలవులో రెండు రోజులు గడిచిపోయాయి.

మూడోరోజు ఉదయం పెట్టెలు రెండూ గ్రాము తేడా లేకుండా కుదిరాయి. పూర్ణచంద్రరావు సీటెక్కాడు. భార్య హైమవతి వెనక కూర్చుంది. బండి పది గజాలు వెళ్లగానే తాగుబోతు నడకలాగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఎడమవైపు బరువెక్కినట్టనిపిస్తే అతను "మీ మాటే మాట అత్తయ్యా" అంటున్నాడు. దాంతో కుడివైపు బరువెక్కుతోంది. "మిమ్మల్ని కాదని నేనేం చేస్తాను మావయ్యగారూ" అంటున్నాడు. దాంతో ఎడమవైపు. చివరికి బండి టీకొట్టు బల్లకు ఆనుకుని ఆగింది.

మస్తాన్‌వలీ చుట్టూ తిరిగి ప్రతి బోల్టూ తట్టి చూశాడు. తరువాత పూర్ణచంద్రరావును దిగమని, అతను దిగాక బండికేసి చాలాసేపు చూశాడు.

"లోపం క్లాంపుల్లో లేదు సార్. మీరే. ఇద్దరికీ మంచోడు అనిపించుకోవాలని చూస్తున్నారు. అలాంటి మనిషి మధ్యలో ఉంటే ఏ బండీ నిలవదు. నిబంధన వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా."

"మరి ఎవరు నడుపుతారు?" అన్నాడు పూర్ణచంద్రరావు.

హైమవతి వెనకసీటులోంచి దిగలేదు. చీర కొంగు నడుముకు దోపుకుని, "మీరు పక్కకు జరగండి, ఒకసారి చూస్తాను" అంది. "మీరిద్దరూ లేకపోతే మా సంసారం ఏమైపోయేదో" అని గాల్లోకి చూస్తూ అంది. పెట్టెలు రెండూ తేలికపడి, ముందు సీటు ఖాళీగానే బండి కదిలింది. వీధి మలుపు రాగానే తండ్రికి ముందుగా మంచినీళ్లు అందించింది. మేనత్త బరువెక్కింది, బండి చక్కగా ఎడమకు తిరిగింది. అవతలి మలుపులో తమలపాకు చిలక ముందు వర్ధనమ్మకిచ్చింది. బండి కుడికి తిరిగింది. మళ్లీ దుకాణం ముందుకు వచ్చాక, "ఎంతైనా మా తోటికోడలు చాలా మంచిది" అంది. ఇద్దరూ ఒక్కసారే బరువెక్కారు. బండి ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు పూర్ణచంద్రరావు ఆశ్చర్యపోయి.

"ఇల్లు నడిచేది మరెట్లా అనుకున్నారు?" అంది హైమవతి.

మధ్యాహ్నం సమతూక శాఖ తనిఖీ అధికారి వచ్చారు. నాలుగు పేజీల ఫారం నింపారు. బంధువుల లీటర్లు, అలక నిల్వలు, పెళ్లినాటి బకాయీలు అన్నీ రాసుకున్నారు. "నడుపువారు" అన్న గడి దగ్గర ఆగి, మస్తాన్‌వలీని ఒక ప్రశ్న అడిగి, "అవసరం లేదు" అని రాసి ముద్ర కొట్టారు.

"అయ్యా, ఈ ప్రయాణం నాదండీ. పందొమ్మిదేళ్ల నుంచి అనుకుంటున్నాను" అన్నాడు పూర్ణచంద్రరావు.

"మీదే. ఎవరు కాదన్నారు? ఫారం మీద పేరు మీదే ఉంది చూడండి" అన్నారు అధికారి ఎంతో ఆప్యాయంగా. "ఒక్కటి మాత్రం తప్పదు. ముందు సీటు మీద హెల్మెట్ లేకుండా బండి కదలకూడదు. చట్టం. దాని కింద మనిషి ఉండాలని మాత్రం ఎక్కడా రాసి లేదు."

పూర్ణచంద్రరావు తన ఎర్ర హెల్మెట్ తీసి సీటు మీద పెట్టాడు. మస్తాన్‌వలీ రెండు పట్టీలు వేసి కట్టి, ఊపి చూసి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. వర్ధనమ్మ పెట్టెలోంచి చెయ్యి చాపి మేనల్లుడి బుగ్గ నిమిరింది. "నువ్వు లేకుండా ఏం బాగుంటుందిరా" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది, తూకంలో తేడా రాలేదు. బండి మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపాడు. ఏడుపు వచ్చింది. అయినా బండి అంత నిలకడగా వెళ్లడం చూస్తే ముచ్చటేసింది కూడా.

మిగిలిన మూడురోజుల సెలవు రద్దు చేసుకుని మర్నాడు ఆఫీసుకు వెళ్లాడు. పనివాళ్లు సంతోషించారు. గొట్టాల లారీలు రెండు అతని కోసమే ఆగి ఉన్నాయి.

శనివారం భోజనాల వేళ ఫోనుకు ఫొటో వచ్చింది. రోడ్డు అయిపోయిన చోట నీలంగా సముద్రం. ఒకపక్క వర్ధనమ్మ, ఒకపక్క శేషావతారంగారు, వెనక కొంగు ఎగురుతూ హైమవతి. ముగ్గురూ నవ్వుతున్నారు. మధ్యలో ఇసుక మీద ఎర్ర హెల్మెట్. సెక్షనంతా చుట్టూ మూగింది.

"నువ్వేడీ?" అన్నాడు హెడ్ గుమాస్తా కళ్లజోడు సవరించుకుంటూ.

"ఇదిగో, మధ్యలో" అని పూర్ణచంద్రరావు వేలు పెట్టి చూపించాడు.

హెడ్ గుమాస్తా ఫోను దగ్గరగా తీసుకుని చూశాడు. "బాగా పడ్డావోయ్. కాస్త రంగు తగ్గావు. ఎండ గదా" అన్నాడు. తరువాత తన ఫోను తీసి, కిందటేడు ఊటీ వెళ్లినప్పటి ఫొటో వెతికి చూపించాడు. పూలమొక్కల పక్కన ఆయన భార్యాపిల్లలు, వాళ్ల ముందు బెంచీ మీద ఆయన నల్ల హెల్మెట్. తక్కినవాళ్లు కూడా టిఫిను డబ్బాలు పక్కన పెట్టి తలా ఒక ఫొటో తీశారు. అందరూ అన్నీ చూసుకుని, ఎవరు ఎక్కడ ఎంత బాగున్నారో చెప్పుకుని, రెండయ్యేసరికి ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.