ట్యాంకులో బంతి, బ్యాంకులో కామా

మంగళవారం పొద్దున్న వగ్దీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి పాడైంది. తేలాల్సిన బంతి మునిగి కూర్చోవడంతో నీళ్లు పొంగి, కైరో నగరం షుబ్రా పేటలోని ఆ అయిదంతస్తుల ఇంటి గోడ వెంట అదే పనిగా కారుతున్నాయి. ప్లంబరుకు ఫోను చేసి కొత్త బంతి వేయించాలి. ఈ నెల ఇంటి మరమ్మతులు చూసే వంతు ఆయనది.

వగ్దీ కేంద్ర బ్యాంకులో ఉద్యోగి. అక్కడేం చేస్తారని ఎవరైనా అడిగితే "ద్రవ్య విధానం" అని ఒక్క ముక్క చెప్పి మీసం దువ్వుకునేవాడు. నిజానికి బ్యాంకు కమిటీ తన నిర్ణయం తీసేసుకున్నాక, ఆ ప్రకటనలో కామాలు సరిగా పడ్డాయో లేదో చూడటమే ఆయన పని. లోకం కంటే పది నిమిషాల ముందు ఆయనకు సంగతి తెలుస్తుంది. భార్య సుహైర్‌కు తప్ప ఈ గుట్టు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఆయన కాపాడుకొస్తున్న పరువంతా ఆ గుట్టు మీదే నిలబడి ఉంది.

బాల్కనీలో నిలబడి ప్లంబరుతో మాట్లాడాడు. "లేదు మేస్త్రీ, బుధవారం కుదరదు. గురువారం మధ్యాహ్నం తేల్చేద్దాం... అవును, ముందు బాగా కిందికి దించాలి. సగానికి పడిపోనీ, ఏం ఫర్వాలేదు... నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు. చెప్పామంటే జనం ఎగబడి ఇవాళే ఇళ్లు నింపేసుకుంటారు."

పై బాల్కనీలో ఇన్షిరాహ్ టీచరు తాడు కట్టిన బుట్టను వీధిలోకి దించుతోంది. భర్త పోయాడు, ముప్ఫయ్యేళ్లు వ్యాకరణం చెప్పి రిటైరైంది, పొదుపు పత్రం మీద వచ్చే వడ్డీతో బతుకుతోంది. రోజూ పొద్దున్నే కింద కొట్టు నుంచి గుడ్లు ఆ బుట్టలోనే పైకి వస్తాయి. ఇవాళ బుట్ట సగం దారిలో ఆగిపోయింది.

కైరోలో ట్యాంకులోని బంతికైనా, డాలరు ముందు ఈజిప్టు పౌండును దాని ఖర్మానికి వదిలేయడానికైనా వాడే మాట ఒక్కటే, తేల్చడం. పౌండును తేల్చారంటే తెల్లారేసరికి చక్కెర నుంచి చెప్పుల దాకా ధరలు మండిపోతాయి. పైగా గురువారం కమిటీ కూర్చునే రోజు. బుట్ట మళ్లీ కదిలి, కిరాణా కొట్టు గాబర్ చేతికి ఒక చీటీ అందించింది. "గుడ్లు వద్దు. చక్కెర పంపు. ఎంత ఉంటే అంత."

బుధవారం పొద్దున్న వగ్దీ జున్ను కోసం కొట్టుకు వెళ్లేసరికి వీధి మలుపు దాకా జనం. గాబర్ అందరినీ పక్కకు జరిపి, ఉన్న ఒక్క కుర్చీనీ భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

"కూర్చోండి బాషా. రేపే తేల్చేస్తున్నారటగా? టీచరమ్మ చెప్పింది. మీరు ఫోనులో అంటుంటే విన్నదట."

వగ్దీకి సంగతి క్షణంలో అర్థమైంది. 'ట్యాంకు' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ పెద్ద దొరలకే దక్కే ఆ 'బాషా' అన్న పిలుపుతో ఆయనను పిలిచినవాడు అంతవరకు ఎవడూ లేడు. ఆ కుర్చీలో అలాగే కూర్చున్నాడు.

"కమిటీ కూర్చునే వారంలో మేం నోరు విప్పకూడదు హాజీ. రూలు."

రూలు నిజమే. "మాకది చాలు బాషా," అన్నాడు గాబర్. జున్నుకు డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి సుహైర్ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇన్షిరాహ్ టీచరు పొదుపు పత్రం రద్దు చేయించేసింది, విన్నావా? రెండు వాషింగ్ మెషీన్లు కొనుక్కొచ్చింది."

"ఒక్క మనిషికి రెండెందుకు?"

"మూడోది దొరకలేదట. ఇంతకీ నువ్వేమన్నావు?"

చెప్పాడు. కుర్చీ సంగతి కూడా చెప్పాడు.

"ట్యాంకు అని ఒక్క మాట చెప్పడానికి నీకేం రోగం?"

"బాషా అన్నాడే."

సుహైర్ గిర్రున తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ప్రతి శుక్రవారం ఆ టీచరమ్మే ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి, వీళ్ల బాల్కనీలోకి అదే బుట్టలో దించుతుంది. ఒక కుర్చీ కోసం, ఉచితంగా వచ్చిన జున్ను ముక్క కోసం ఆవిడ బతుకుతెరువు ఊడగొట్టాడు. వగ్దీకి తల కొట్టేసినట్టయింది. ఆ జున్ను గొంతు దిగలేదు.

సాయంత్రం అందరినీ మెట్ల దగ్గరికి పిలిచాడు. "నేనన్నది మన ట్యాంకు గురించి. పౌండు గురించి కాదు."

గాబర్ కన్ను గీటాడు. "ట్యాంకే బాషా. మాకు తెలీదా? మీ ఉద్యోగం నిలబడాలి కదా."

ఇక దాచుకోవడానికి మిగిలింది ఒక్కటే. వగ్దీ అదీ చెప్పేశాడు. "నాకక్కడ ఏమీ తెలియదు. నేను కామాలు పెట్టేవాణ్ణి. అంతే."

ఇరవై రెండేళ్ల పరువును తన చేత్తోనే మెట్ల మీద పారబోశాడు. తీరా చూస్తే దాన్ని తీసుకున్న నాథుడు లేడు. ఇన్షిరాహ్ టీచరు కళ్లొత్తుకుంది. "మా కోసం నిన్ను నువ్వే ఇంత తగ్గించుకుంటున్నావా నాయనా. ఎంత పెద్దమనిషివి." ఆ మాటకు వగ్దీ సిగ్గుతో సగం చచ్చాడు. చీకటి పడేలోగా వీధిలో చక్కెరతో పాటు నూనె కూడా అయిపోయింది.

గురువారం మధ్యాహ్నం ప్లంబరు ట్యాంకును సగానికి దించి కొత్త బంతి వేశాడు. అదే సమయానికి బ్యాంకులో వగ్దీ బల్ల మీదికి ప్రకటన వచ్చింది. పౌండును ఈ రోజు నుంచి తేలనిస్తున్నామని మొదటి వాక్యమే చెబుతోంది. ఎర్ర పెన్ను పట్టుకుని మూడుసార్లు చదివాడు. ఒక్క కామా కూడా తప్పు లేదు.

ఆ సాయంత్రం ఇల్లంతా ఆయనకు జేజేలు పలికింది. టీచరమ్మ కొన్న మెషీన్ల ధర ఒక్క పూటలో చుక్కలనంటింది. ఆవిడ వచ్చి తన నుదుటి మీద ముద్దు పెడుతుంటే వగ్దీకి ఎటు చూడాలో తెలియలేదు. మొత్తం వీధిలో చక్కెర లేనిది వాళ్లింట్లోనే. సుహైర్ గ్లాసు పట్టుకుని పైకి వెళ్లి అప్పు తెచ్చింది.

శుక్ర, శనివారాల సెలవు అయ్యాక, ఆదివారం ఆఫీసులో విచారణాధికారి పిలిపించాడు.

"లీకు మీ ఇంటి నుంచే మొదలైందని మాకు తెలిసింది."

"అవునండీ. గురువారమే బాగుచేయించాం."

"ఏం బాగుచేయించారు?"

"బంతి మార్చామండీ."

అధికారి పెన్ను కింద పెట్టాడు. సంగతంతా బయటపడేసరికి గంట పట్టింది. ప్లంబరు బిల్లు చూశారు. వగ్దీ పై అధికారిని పిలిచారు. ఆయన, "ఈయనకు ముందే తెలియడమా?" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వే వగ్దీ ఉద్యోగాన్ని నిలబెట్టింది. పుకార్లు ఆగడానికి బ్యాంకు ఒక కాగితం మీద ముద్ర కొట్టి, ఇంటి గుమ్మంలో అంటించమని ఆయన చేతికే ఇచ్చింది. దాన్ని చదివే ధైర్యం లేక మొహం పక్కకు తిప్పుకుని అంటించాడు.

మర్నాడు దిగివచ్చేసరికి కాగితం ముందు అందరూ గుమిగూడి ఉన్నారు. ఇన్షిరాహ్ టీచరు కళ్లజోడు సర్దుకుని పైకి చదువుతోంది. "మా ఉద్యోగి వగ్దీకి ఏనాడూ ఏమీ తెలియదని తెలిసే అవకాశం కూడా లేదని ధ్రువీకరించడమైనది."

"అంటే ఏంటి టీచరమ్మా?" అన్నాడు గాబర్.

"రాసింది రాసినట్టు చదివితే, ఈయనకు ఏమీ తెలియదని కనిపెట్టడం ఎవరి తరమూ కాదని."

"అంటే అన్నీ తెలుసనేగా. బ్యాంకే ముద్ర కొట్టి మరీ చెప్పింది." గాబర్ పరుగున వెళ్లి కుర్చీ తెచ్చి తుడిచాడు. "కూర్చోండి బాషా."

వగ్దీ కాగితం వైపు చూశాడు. 'తెలియదని' తరువాత కామా లేదు. కుర్చీ వైపు చూశాడు. బుధవారం మింగలేక వదిలేసిన జున్ను గుర్తుకొచ్చింది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అందరూ చూస్తుండగా ఆ కామా పెట్టాడు.

టీచరమ్మ మళ్లీ చదివింది, కామా దగ్గర ఆగి. గాబర్ కుర్చీ ఎత్తుకుని కొట్లోకి వెళ్లిపోయాడు.

ఇరవై రెండేళ్లలో ఆయన పెట్టిన కామా వల్ల అర్థం మారడం అదే మొదటిసారి.