వంతెన మీద నకిలీ క్యాష్

“ఈ ఊళ్ళో నేరస్థులు ఇంకా గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారంటే దానికి ఒక్కటే కారణం. నేను కళ్ళజోళ్ళ వ్యాపారంలో ఉండిపోవడం.”

అన్నది బావ. విన్నది బావమరిది. షాపులో మూడో మనిషి లేడు కాబట్టి ఆ మాట చరిత్రకెక్కలేదు.

బావ తనకు తానే డేగ అని బిరుదు ఇచ్చుకున్నాడు. కళ్ళజోళ్ళు ఆయనకు పొట్టకూటి కోసం, అపరాధ పరిశోధన ప్రాణం కోసం. అప్పటికి ఆయన ఛేదించిన పెద్ద కేసు ఒకటుంది. పక్క షాపు దర్జీ గొడుగు పోతే, కూలంకషంగా విచారించి, సాక్ష్యాలన్నీ బేరీజు వేసి, దర్జీయే దొంగని తేల్చాడు. ఆ తర్వాత దర్జీ ఆయనతో మాటలు మానేశాడు. నేరస్థుల లక్షణమే అంత అన్నాడు బావ.

బావమరిది దంతాల ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు. పొద్దస్తమానం ఎవరెవరివో నోళ్ళ అచ్చుల మధ్య కూర్చునే మనిషి, తన నోరు మాత్రం తక్కువగా తెరుస్తాడు. ఆ రోజు అక్క పంపిన క్యారియర్ ఇవ్వడానికి షాపుకి వచ్చి, ఫోన్ మోగితే ఓ మూలకెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు. అతను చేసిన పొరపాటు అదొక్కటే. గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళ మాటలు బావకి ఇంకా బాగా వినపడతాయి.

“వంతెన మీద క్యాష్ పోయింది... అవును, దాని చోట వేరే క్యాష్ పెట్టారు... అది నకిలీదే, నేను కాదనను.”

బావ చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. ఎవరి కళ్ళజోడో కాలు లేకుండా ఆయన వంక చూస్తూ ఉండిపోయింది.

“దొంగనోట్ల ముఠా,” అన్నాడు బావ. “ఏమోయ్, భయపడకు. నువ్వు నా భార్య తమ్ముడివి. నిన్ను అప్రూవర్‌గా మార్పిస్తాను.”

బావమరిది అన్న క్యాష్ డబ్బు కాదు. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఒకరు ఓ చిన్న డబ్బాని ఊళ్ళో ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు మిగతావాళ్ళకి ఇస్తారు. వాళ్ళు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికితే లోపలి కాగితం మీద సంతకం చేసి, ఎక్కడిది అక్కడే పెట్టి రావాలి. ఆ డబ్బా పేరే క్యాష్. ఆట తెలియనివాళ్ళకి దాని జాడ చెప్పకూడదు. పాడైనట్టు కనిపిస్తే దాచినవాళ్ళకి కబురు పెట్టాలి. దొరకలేదు కదా అని దాని చోట ఇంకో డబ్బా మాత్రం చచ్చినా పెట్టకూడదు.

వంతెన మీది క్యాష్ పిన్నిగారిది. ఆవిడ రిటైరైన పోస్టుమాస్టరు, ఆట ఆడేవాళ్ళందరికీ పిన్నిగారే. ఆవిడ భర్త బతికుండగా లేతు మిషను మీద కూర్చుని, అల్యూమినియంతో వేలెడంత గొట్టం, దానికి మర మూత తయారుచేశాడు. కాలువ మీది కాలినడక వంతెనకి బోలు ఇనప స్తంభాలున్నాయి. ఒకదాని టోపీ ఎత్తితే, టోపీకి కట్టిన సన్నని తీగకి గొట్టం వేలాడుతూ కనిపించేది. ఇప్పుడు తెగిన తీగ ముక్క ఉంది, గొట్టం లేదు. స్తంభంలోకి టార్చి వేస్తే టోపీ సందులోంచి గాలికి చేరిన ఎండుటాకులు తప్ప ఏమీ కనపడలేదు.

వెతికి వేసారిన ఆటగాళ్ళలో ఒకడు, లిఫ్టు మెకానిక్, మంచి చేస్తున్నాననుకుని, ఆ తీగ ముక్కకి ఓ ప్లాస్టిక్ డబ్బా తగిలించాడు. మా ఆయన చేసిన గొట్టం చోట ఉప్పు డబ్బానా అని పిన్నిగారు అడిగారు. అంతటితో ఆటవాళ్ళ సంఘం రెండు ముక్కలైంది. సాయం చేశాడన్నవాళ్ళు ఒక పక్క, కట్టు తప్పాడన్నవాళ్ళు ఒక పక్క. రోజూ పలకరించుకునేవాళ్ళు ఇప్పుడు వీధిలో ఎదురైతే ఫోన్‌లో లేని దారి వెతుక్కుంటున్నారు. ఇటువాళ్ళ మాట అటు, అటువాళ్ళ మాట ఇటు మోసే పని బావమరిది నెత్తిన పడింది.

ఇదంతా బావకి చెప్పవచ్చు. కానీ ఆట నియమం ఒకటి అడ్డం, బావ అనే మనిషి ఇంకొక అడ్డం. అందుకని ఊరుకున్నాడు.

బావ ఊరుకోలేదు. షాపు అద్దాల్లోంచి వంతెన కనపడుతుంది. లిఫ్టు మెకానిక్ దిక్కులు చూసి, స్తంభం టోపీ ఎత్తి, దించి వెళ్ళిపోబోతుంటే, బావ పరుగున వెళ్ళి ఉచిత కంటి పరీక్ష అని లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు. గోడ మీద కొత్త అక్షరాల చార్టు ఉంది. అది బావ స్వహస్తాలతో రాసింది. పైన ఏనుగంత ‘నే’, దాని కింద ‘నే’, తర్వాత ‘దొం’, ‘గ’, అట్టడుగున చీమంత ‘ని’. మెకానిక్ ఓపిగ్గా పైనుంచి కిందిదాకా చదివాడు. రెండో కంటితోనూ చదివాడు. ఇప్పుడు అన్నీ కలిపి గబగబా చదవమంటే అదీ చదివాడు. బల్ల కింద బావ ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. అతని చూపు దివ్యంగా ఉంది, కళ్ళజోడు అమ్ముడుపోలేదు. నష్టానికి బావ పొంగిపోవడం అదే మొదలు.

సాక్ష్యాన్ని పరమ రహస్యంగా ఉంచాలి. అందుకని వచ్చిన ప్రతి కస్టమరుకీ రహస్యంగా వినిపించాడు. కళ్ళజోడు మర బిగించుకుందామని వచ్చిన పిన్నిగారికి కూడా, వంతెన దగ్గర సరుకు మాయం చేసినవాడి నోటి మాట ఇదీ అని వినిపించాడు.

“నేనే దొంగని,” అంది ఫోన్.

ఆ గొంతు ఎవరిదో పిన్నిగారికి తెలుసు. కళ్ళజోడు అక్కడే మరిచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి అందరి ఫోన్‌లకీ కబురొచ్చింది. ఆదివారం ఉదయం వంతెన దగ్గరికి రండి, నేను దాచినవన్నీ తీసేస్తున్నాను, అని.

బావమరిది ఆ కళ్ళజోడు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ దాన్ని తీసుకున్నారు గానీ పెట్టుకోలేదు.

“గొట్టం పోయినందుక్కాదు నాయనా. ఎవరో దారినపోయేవాడు తీశాడనుకుంటే సరిపెట్టుకునేదాన్ని. మనలోవాడే తీశాడంటే ఇక నేను ఎవరికోసం దాచాలి?”

అతను మెల్లగా ఆరా తీశాడు. ఆవిడ ఎక్కడ ఏం విన్నారో తెలిశాక నేరుగా షాపుకి వెళ్ళాడు. నియమాన్ని గట్టున పెట్టి, ఆట సంగతి, గొట్టం సంగతి, పిన్నిగారి సంగతి, మొదటినుంచి చివరిదాకా ఏకరువు పెట్టాడు. అతని జీవితంలో అంత పొడుగు మాట్లాడింది అదే. బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

“అంటే పెద్దవాళ్ళు, జీతం భత్యం లేకుండా, డబ్బాలు దాస్తారు. ఇంకొందరు పెద్దవాళ్ళు వాటిని వెతుకుతారు. దొరికాక తీసుకోకుండా మళ్ళీ అక్కడే పెట్టేస్తారు.”

“అవును బావగారూ.”

“ఇంతకంటే నమ్మేలా ఉండే కట్టుకథ అల్లమని చెప్పు నీ ముఠాకి.”

ఆదివారం ఉదయం వంతెన మీద అందరూ చేరారు. చేరారే గానీ అటు చివర కొందరు, ఇటు చివర కొందరు. మధ్యలో పిన్నిగారు, ఆవిడ భుజానికి ఖాళీ సంచి. లిఫ్టు మెకానిక్ ఎవరి మొహమూ చూడకుండా కాలువలోకి చూస్తున్నాడు. కంటి పరీక్షకి కూర్చుంటే దొంగ ఎలా అయ్యాడో అతనికి ఇంకా అంతుపట్టలేదు. బావమరిది చెప్పబోయాడు. పిన్నిగారు వద్దన్నట్టు చెయ్యి ఎత్తారు.

ముఠా మొత్తం ఒకేచోట. బావకి ఇంతకన్నా ఏం కావాలి? మారువేషం కోసం షాపులో ఉన్న నల్ల కళ్ళజోళ్ళలో అన్నిటికన్నా నల్లది పెట్టుకుని బయల్దేరాడు. అది ఎవరో ముసలాయన ఆర్డరిచ్చిన బండ పవరు జోడు. దాంట్లోంచి దూరానివి దగ్గరగా, దగ్గరివి అలుక్కుపోయి కనపడతాయి. వంతెన రెండు వంతెనలుగా, బావమరిది నలుగురు బావమరుదులుగా కనిపించినా డేగ అడుగు వెనక్కి వెయ్యలేదు.

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు. ఆ మాట ప్రకారం ఎవరూ కదల్లేదు, ఆయన తప్ప. మెకానిక్ భుజం అనుకుని అతని పక్కనున్న క్యాష్ స్తంభాన్ని పట్టుకుని, పారిపోకుండా బలంగా గుంజాడు. ముద్దాయి ఎదురు తిరిగాడనుకుని ఇంకా బలంగా గుంజాడు. తుప్పు పట్టిన మొదలు దగ్గర స్తంభం పుటుక్కున విరిగింది. బావ వెల్లకిలా పడ్డాడు, ఆయన మీద స్తంభం పడింది. విరిగిన కొసలోంచి ముందు పిడికెడు ఎండుటాకులు రాలాయి. వాటి వెనకే అల్యూమినియం గొట్టం దొర్లుకుంటూ వచ్చి పిన్నిగారి చెప్పుకి తగిలి ఆగింది.



పిన్నిగారు వంగి దాన్ని తీశారు. రుమాలుతో తుడిచి మూత తిప్పారు. మర ఎప్పటిలాగే మెత్తగా తిరిగింది. లోపల కాగితం పొడిగా ఉంది. గొట్టాన్ని అంటిపెట్టుకున్న తీగ ముక్కని ఆవిడ వేళ్ళతో నలిపితే ఎర్రగా పొడి రాలింది.

“ఎవరూ కొయ్యలేదన్నమాట,” అన్నారు. “తుప్పు.”

తుప్పు పట్టడం అందరూ చూసినదే. చూసి, ఇంకొకరెవరో చెబుతారులే అని, ‘చాలా బాగుంది’ అని రాసి వచ్చేశారు. అటు చివరవాళ్ళూ, ఇటు చివరవాళ్ళూ ఈ ఒక్క విషయంలో ఒకటిగానే ఉన్నారు.

“పిన్నిగారు నొచ్చుకుంటారని రాయలేదండీ,” అన్నాడు లిఫ్టు మెకానిక్ చివరికి.

“రాయకపోతే నొచ్చుకుంటాను. నిన్ను అనరాని మాట అనుకున్నాను బాబూ.”

“నేను ఉప్పు డబ్బా తగిలించాను కదండీ.” అతను ఆ డబ్బా తీసి తన జేబులో వేసుకున్నాడు. పిన్నిగారు సంచి మడిచేశారు. వంతెన రెండు చివరలవాళ్ళూ మెల్లగా మధ్యకి వచ్చారు.

అప్పుడు గాని స్తంభం కింద మనిషి ఉన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు. లేవదీశాక బావ మొట్టమొదట అడిగింది నోట్లు ఎక్కడ అని. నోట్లు లేవు, సంతకాల కాగితం ఉందని చూపించారు. వరసగా అందరి సంతకాలూ తేదీలతో సహా ఉండడం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. ముఠా మొత్తం స్వయంగా సంతకాలు చేసిన వాంగ్మూలం ఇంతవరకు ఏ డిటెక్టివ్‌కీ దొరకలేదట. ఆట ప్రకారం క్యాష్ దొరికినవాళ్ళెవరైనా సంతకం చెయ్యాలని పిన్నిగారు పెన్సిల్ ఇచ్చారు. బావ అందరి కిందా పొందిగ్గా తన సంతకం కూడా చేశాడు.

పక్క స్తంభానికి కట్టడానికి కొత్త తీగ తెస్తానని మెకానిక్ అన్నాడు. దాన్ని అప్పుడప్పుడూ చూసేవాళ్ళు ఎవరన్నప్పుడు అందరూ ఎదురుగా కనపడుతున్న కళ్ళజోళ్ళ షాపు వైపు చూశారు. బావ ఛాతీ ముందుకొచ్చింది. ఒప్పుకున్నాడు, ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చాడు. తర్వాత బావమరిదిని పక్కకి పిలిచాడు.

“ఏమోయ్, ఇది మళ్ళీ పోయిందనుకో. మొట్టమొదట ఎవర్ని అనుమానించాలంటావ్?”

బావమరిది బావనే ఎగాదిగా చూశాడు. ఆ విషయంలో మాత్రం సంఘంలో అప్పటికే రెండో అభిప్రాయం లేదు.