బటన్‌కి బటన్ అని పేరెందుకు?

హలో, వినిపిస్తోందా? అందరూ బాగున్నారా? రెండు నిమిషాలు లైన్లో ఉండండి, మంచి మాట చెబుతాను.

వెబ్‌సైట్లలో ఏది ఏమిటో రాయకపోవడం గొప్ప వరమండీ! నేను పదో తరగతి దాటనివాణ్ణే. కానీ మా తోడల్లుడు వెబ్ పేజీలు కట్టే ఘనుడు, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. శీర్షికకి శీర్షిక అని, బటన్‌కి బటన్ అని కోడ్‌లో రాసేవాళ్లంటే ఆయనకి జాలి. ఆయన పేజీలో అన్నీ ఉత్త పెట్టెలే. అక్షరాలు లావు చేస్తే శీర్షిక, రంగు పూస్తే బటన్.

ఆ పెట్టెలకి కోడ్‌లో పేర్లు పెట్టడంలోనూ అందె వేసిన చెయ్యి. ఎర్రపెట్టె, ఎర్రపెట్టె2, కొత్తది, అసలు కొత్తది. ఆ ఎర్రపెట్టె ఇప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. అయితే ఏం? పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవని పెద్దలు ఊరికే అన్నారా?

మా అక్కకి చూపు లేదు. తెర మీదున్నది ఫోన్ చదివి వినిపిస్తే పని చేసుకుంటుంది. ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరు, స్కూలు మూతపడి ఇంట్లో కూర్చుంది. ఇంకో స్కూల్లో ఖాళీ పడింది. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, సాయంత్రం ఐదుకి ఆఖరు. ఆ పేజీ కట్టింది మా తోడల్లుడే!

నింపాల్సిన పన్నెండు గళ్లనీ అక్క ఫోన్ "ఖాళీ, ఖాళీ" అనే చదివిందట. అక్క నాకు ఫోన్ చేస్తే, మా ఇంట్లో నేను నా ఫోన్లో అదే పేజీ చూస్తూ, ఏ గడి దేనికో చెబుతూ పోయాను. అక్కాతమ్ముళ్లం రెండు గంటలు మాట్లాడుకుని ఎన్నేళ్లయింది? వరం కాదా?

ఇక పంపడమే మిగిలింది. ఫోనేమో బటన్ లేదంటుంది.

"అడుగున ఆకుపచ్చగా ఉంది కదక్కా," అన్నాను.

"రంగు చెవికి వినిపించదురా," అంది.

అప్పటికి నాలుగూ నలభై. నా ఫోన్లో మొదటినుంచి నింపే టైం లేదు. తోడల్లుడికి ఫోన్ చేసి, దాన్ని బటన్‌గా మార్చమని బతిమాలాను.

"ఎర్రపెట్టెని ముట్టుకుంటే ఏ పేజీ ఎక్కడ కూలుతుందో నాకే తెలీదన్నగారూ. మీరే వెళ్లి నొక్కేయండి," అన్నాడు.

ఆటోలో అక్క ఇంటికి చేరేసరికి ఐదూ పది. గడువు ముగిసిందన్న ముక్క మాత్రం ఫోన్ స్పష్టంగా చదివింది.

బటన్ అని రాయడానికి ఇంగ్లీషులో ఆరక్షరాలట. ఆ ఆరూ రాయనందుకు ఒక లెక్కల టీచరు ఇంట్లోనే కూర్చుంది. సైటు చూడముచ్చటగా ఉందని స్కూలువాళ్లు మా తోడల్లుణ్ణి మెచ్చుకున్నారు. చూడముచ్చటే మరి, చూడగలిగినవాళ్లకి.

పేజీలు కట్టేవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నా ఈ మాటలు రాసి వాళ్లకి పంపండి. పూలూ రంగులూ పెట్టి ఫొటోగా మార్చకండి, అక్షరాలుగానే పంపండి. మా అక్క చదవాలిగా.