ఎదురుచూపుల బటన్

ఆ ఉదయం ఏంజెలిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఉదయగిరి బస్టాండుకి వెళ్ళడం, ఐదుగురు ప్రయాణికుల చేత తన ఫోన్లో ఒక బటన్ నొక్కించడం, ఎవరికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి అమ్మ చేసిన చేపల పులుసు తినడం. హైదరాబాదులో యూనివర్సిటీలో ఆమె చదివేది యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్. అదేమిటని అడిగిన బంధువులందరికీ "ఫోన్లో బటన్ ఎక్కడుండాలో చెప్పే చదువు" అని చెప్పీ చెప్పీ, చివరికి తన చదువు అంతేనేమోనని ఆమెకే అనుమానం పట్టుకుంది.

ఈసారి ప్రాజెక్టు బస్సుల యాప్. స్టాపులో నిలబడ్డవాళ్ళు బటన్ నొక్కితే, దాని మీదున్న మాటలే కండక్టరుకి మెసేజీగా వెళ్తాయి. ఇంకా నమూనాయే కాబట్టి మెసేజీ ఏంజెలిన్ ఫోన్ నుంచే వెళ్తుంది, అవతల కండక్టరు లేడు. కండక్టరు నంబరు అడిగే గడిలో ఏదో ఒకటి వేయాలి. బయట ఆటోవాడు హారన్ కొట్టి చంపుతుంటే, చూడకుండానే పది అంకెలు కొట్టేసింది. ఆమె వేళ్ళకు కంఠతా వచ్చిన నంబరు లోకంలో ఒక్కటే. అది శాంతికుమార్‌ది.

ఆత్మకూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ, సాయంత్రం ఆమె బస్సు వచ్చేదాకా శాంతికుమార్ కూడా బస్టాండులో నిలబడేవాడు. అతని ఇల్లు అక్కడికి నాలుగడుగులే. ఆఖరి పరీక్ష రోజున "ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగాడు. "ఏముండాది చెప్పేదానికి" అని బస్సెక్కేసింది. ఆ మాట అన్నందుకు తనను తాను తిట్టుకోని రోజు లేదు. అతనిప్పుడు అదే బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడని విన్నది. రోజూ ఆ నంబరు కొట్టడం, చూసుకోవడం, చెరిపేయడం. వేళ్ళకు కంఠతా రాక ఏమవుతుంది!

మొదటి యూజర్ మాలకొండమ్మ, ఆత్మకూరులో కూతురింటికి వెళ్తున్న ముసలమ్మ. "ప్రయాణికులు వేచి ఉన్నారు" అన్న బటన్ చూసి నొక్కనైతే నొక్కింది గానీ, మొహం చిట్లించింది.

"వేచి అంటే ఏంది పాపా? శెనక్కాయలు వేంచినట్టా?"

"ఎదురుచూడటం అవ్వా."

"ఆ ముక్కే రాయి. ఎదురుచూస్తుండాను అని."

యూజర్ మాటే వేదమనీ, అక్కడికక్కడే మార్చి మళ్ళీ నొక్కించాలనీ ప్రొఫెసరు గారి ఆజ్ఞ. ఏంజెలిన్ మార్చింది. రెండో యూజర్ నారాయణయ్య, రిటైరైన హెడ్‌మాస్టరు, కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"ఎవరి కోసమో చెప్పకపోతే వాక్యం ఎట్ట పూర్తవుతుందమ్మా? మీ కోసం అని చేర్చు."

"కండక్టరుకి మీరేంది సారూ, నా మనవడంత ఉంటాడు. నీ కోసం అని పెట్టు పాపా" అంది మాలకొండమ్మ.

మూడో యూజర్ చెంచులక్ష్మికి ఇద్దరు పిల్లలు, మూడు మూటలు. "ఒక్కదాన్నే అనుకుంటే ఆపకుండా పోతాడక్కా. బిడ్డలుండారని చెప్పాల, మూటాముల్లె ఉండాదని చెప్పాల."

"పిలవందే ఎవురొస్తారు? బిన్నా రా అని కూడా పెట్టు" అని మాలకొండమ్మ తీర్పు చెప్పింది. బిన్నా అంటే త్వరగా అని ప్రొఫెసరు కోసం ఏంజెలిన్ పక్కన రాసుకుంది. చివరికి బటన్ ఇలా తేలింది: "బిడ్డలిద్దురితో, మూటాముల్లె సర్దుకోని, నీ కోసం ఎదురుచూస్తుండాను. బిన్నా రా."

మిగిలిన యూజర్లు ఇద్దరూ ఇది బ్రహ్మాండంగా ఉందని మూడేసిసార్లు నొక్కారు. నలభై సెకన్లు పట్టిన పని నాలుగు సెకన్లకు దిగింది. ఏంజెలిన్ పొంగిపోయి, ఫోన్ మాలకొండమ్మ చేతిలో పెట్టి, అందరికీ సోడాలు తేవడానికి వెళ్ళింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఎవురయ్యా? ఆ, పాప ఈడనే బస్టాండులో ఉండాది. బిడ్డలా? ఉండారు సామీ, ఇద్దురూ. చిన్నోడు ఏడస్తా ఉండాడు. ఎవురి బిడ్డలా? అది నీకెందుకయ్యా? ఎక్కించుకుంటావా లేదా చెప్పు!"

సోడాలతో తిరిగొచ్చిన ఏంజెలిన్‌కి మాలకొండమ్మ శుభవార్త చెప్పింది. "కండక్టరు ఫోన్ చేసినాడు పాపా. ఎక్కించుకుంటాడంట, బయల్దేరినాడు. గొంతు వణకతా ఉండాది పాపం, కొత్తగా చేరినట్టుండాడు."

"కండక్టరు లేడు గదవ్వా!" అంటూ ఏంజెలిన్ ఫోన్ లాక్కుని నంబరు చూసింది. అది శాంతికుమార్‌ది. పంపిన మెసేజీలు వరసగా చదువుకుంది. పది. రావద్దని చెప్పడానికి ఫోన్ చేయబోయింది. రెండేళ్ళుగా రమ్మనలేని మనిషికి, వస్తున్నవాణ్ణి వద్దనడానికి నోరెలా వస్తుంది? ఫోన్ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. అతను రావాలని ఎంత కోరుకుందో, వస్తే తన గతేమిటని అంత భయపడింది.

ఈలోగా ఆత్మకూరు బస్సు వచ్చింది. ఒక్కరూ ఎక్కలేదు. "మా కండక్టరు వేరే వస్తా ఉండాడు, నువ్వు పో" అని మాలకొండమ్మ అసలు కండక్టరును సాగనంపింది. బస్సు ఖాళీగా వెళ్ళిపోయింది.

గంటంబావుకి ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. నెత్తి నిండా దుమ్ముతో శాంతికుమార్ దిగాడు. చేతిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఉన్నాయి.

"బస్సేది సామీ?" అంది మాలకొండమ్మ.

అతను ఏంజెలిన్ వైపే చూస్తున్నాడు. "బిడ్డలేరీ?"

ఆ బిస్కెట్లు చూసి ఏంజెలిన్‌కి ఏడుపొచ్చింది. ఎవరి బిడ్డలో తెలియకుండానే తెచ్చాడు.

"నాకు బిడ్డల్లేరు శాంతీ. అది కాలేజీ ప్రాజెక్టు. నీ నంబరు పొరపాటున పడింది. నొక్కింది వీళ్ళు."

"అన్నీ వీళ్ళేనా? ఒక్కటన్నా నువ్వు నొక్కలేదా?"

"లేదు."

అతను తలూపాడు. బిస్కెట్లు చెంచులక్ష్మి పిల్లల చేతుల్లో పెట్టి, బండి తిప్పుకున్నాడు. బండి స్టార్ట్ అయింది. అంతలో జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూసుకుని, బండి ఆపేశాడు.

"ఇదెవురు నొక్కినారు?"

"ఈ తడవ నేనే" అంది ఏంజెలిన్.

ప్రొఫెసరుకు పంపిన నివేదికలో ఐదుగురే ఉండాల్సిన పట్టికలో ఆరో వరుస ఒకటి చేరింది: నొక్కడానికి పట్టిన సమయం, రెండేళ్ళ నాలుగు నెలలు, బటన్‌లో లోపమేమీ లేదు.